ఒక ఆబ్జెక్టు బరువెంత? జావా ప్రోగ్రాముల వేగం, మెమరీ

(ఇంజనీరింగ్ విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రోగ్రామర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో సగంమంది ఫైనల్ ఇయర్‌లో ఉన్నారు, మిగతావాళ్ళు ఉద్యోగంలో చేరి ఏడాదో రెండేళ్ళో అయినవాళ్ళు. క్లాసు, ఆబ్జెక్టు, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం మీకు కొత్త మాటలు కావు. ఇంటర్వ్యూల కోసం వాటి నిర్వచనాలు బట్టీ పట్టే ఉంటారు. ఇవాళ వాటి జోలికి పోను. ఒక ఆబ్జెక్టు మెమరీలో ఎంత చోటు తింటుంది, ఎక్కడ కూర్చుంటుంది, దానివల్ల ప్రోగ్రాం ఎందుకు నెమ్మదిస్తుంది, ఈ సంగతులే మాట్లాడతాను. ఉదాహరణలన్నీ జావాలో చెప్తాను. మనవాళ్ళలో ఎక్కువమందికి తిండి పెడుతున్న భాష అది, నేను రోజూ పనిచేసేదీ అందులోనే.

ప్రోగ్రాం స్లోగా ఉందనగానే మన చూపు ముందు లూపుల మీదకు పోతుంది. కూడికలు, గుణింతాలు, ఇఫ్‌లు తగ్గించాలని చూస్తాం. కానీ మనం ఆఫీసుల్లో రాసే ప్రోగ్రాముల్లో చాలాసార్లు ప్రాసెసర్ లెక్కలు చేస్తూ అలసిపోదు, డేటా చేతికందక ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది. ప్రాసెసర్ పక్కనే ఉండే ఎల్1 క్యాష్ అనే చిన్న మెమరీ నుంచి ఒక సంఖ్య తెచ్చుకోవడానికి సుమారు ఒక నానోసెకను పడుతుంది. అదే సంఖ్య ర్యామ్ నుంచి రావాలంటే దాదాపు వంద నానోసెకన్లు. ఆ వందలో ఎన్ని కూడికలు అయిపోతాయో మీరే ఊహించుకోండి. అందుకే వేగం వేరు, మెమరీ వేరు అని నేననుకోను. మెమరీని పొదుపుగా, వరసగా వాడిన ప్రోగ్రాంకు వేగం చాలావరకు దానంతటదే వస్తుంది.

1967లో నార్వేలోని ఓస్లోలో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ సిములా 67ను తయారుచేశారు. క్లాసులు, ఆబ్జెక్టులు అనే ఆలోచన మొదలైంది అక్కడే. ఆ రోజుల్లో ప్రాసెసర్‌కూ మెమరీకీ వేగంలో ఇంత దూరం లేదు. ఒక ఆబ్జెక్టు నుంచి ఇంకో ఆబ్జెక్టుకు పాయింటర్ (అడ్రసు) పట్టుకుని వెళ్ళడం పెద్ద ఖర్చు కాదు. ఆలోచన అలాగే నిలిచింది, కింద ఉన్న యంత్రమే మారిపోయింది. కాబట్టి ఇవాళ ఆబ్జెక్టులతో రాసేవాళ్ళు ఆ యంత్రాన్ని కూడా ఎరిగి ఉండాలి.

ఇప్పుడు ఒక క్లాసును దగ్గరగా చూద్దాం. మార్కెట్ యార్డుల్లో రోజువారీ ధరలు వస్తుంటాయి కదా. ఏ తేదీన, ఏ యార్డులో, ఏ పంటకు, క్వింటాలు కనిష్ట ధర ఎంత, గరిష్ట ధర ఎంత. ఏళ్ళ తరబడి పోగైన ఫైలు ఒకటి ఉందనుకుందాం, అందులో కోటి వరసలు. మనం ఏం చేస్తాం? ‘ధర’ అని ఒక క్లాసు రాస్తాం. తేదీకి జావాలోని లోకల్‌డేట్, యార్డు పేరుకు స్ట్రింగ్ (అక్షరాలు దాచేది), పంట పేరుకు స్ట్రింగ్, రెండు ధరలకు రెండు ఇంటిజర్‌లు (సంఖ్యను ఆబ్జెక్టుగా దాచేవి). మొత్తం ఐదు ఫీల్డులు. చూడ్డానికి చక్కగా ఉంది, లెక్చరర్ మార్కులు కూడా వేస్తారు.

దీని బరువు లెక్కేద్దాం. 64 బిట్ హాట్‌స్పాట్ జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్), మామూలు సెట్టింగులు. ప్రతి ఆబ్జెక్టుకూ 12 బైట్ల హెడర్ ఉంటుంది. లాక్, హాష్‌కోడ్, జీసీకి (పనికిరాని ఆబ్జెక్టుల చోటు ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్‌కు) కావలసిన వయసు లాంటి వివరాలకు 8, అది ఏ క్లాసుదో చెప్పడానికి 4. ఒక్కో రిఫరెన్స్‌కు, అంటే ఇంకో ఆబ్జెక్టు ఎక్కడుందో చెప్పే అడ్రసుకు, 4 బైట్లు. మొత్తాన్ని 8 బైట్ల గుణిజానికి సరిచేస్తారు. మన ధర ఆబ్జెక్టుకు హెడర్ 12, ఐదు రిఫరెన్సులకు 20, కలిపి 32. ఇంతవరకూ బాగానే ఉంది.

కానీ ఆ 32 బైట్లలో అసలు డేటా ఒక్కటీ లేదు. అన్నీ అడ్రసులే! తేదీ ఇంకోచోట ఉంది. లోకల్‌డేట్ ఆబ్జెక్టు హెడర్‌తో కలిపి 24 బైట్లు. గరిష్ట ధర ఇంటిజర్ మరోచోట. అసలు సంఖ్య 4 బైట్లు, హెడర్ 12, మొత్తం 16. ఇలాంటివి రెండు, అంటే 32. జావా -128 నుంచి 127 దాకా ఉన్న ఇంటిజర్‌లను ముందే తయారుచేసి అందరికీ పంచుతుంది. కానీ మిర్చి క్వింటాలు ధర వేలల్లో ఉంటుంది, కాబట్టి ఆ పంపకం మనకు పనికిరాదు. ప్రతి వరసకూ కొత్త ఇంటిజర్‌లు పుడతాయి.

ఇక స్ట్రింగులు. అసలు బరువు వీటిదే. ‘గుంటూరు’ అని రాశామనుకోండి. గ, ఉత్వం, సున్న, ట, ఊత్వం, ర, ఉత్వం, మొత్తం ఏడు యూనికోడ్ సంకేతాలు. జావా స్ట్రింగ్ అంటే రెండు ఆబ్జెక్టులు. పైన 24 బైట్ల స్ట్రింగ్, దాని కింద అక్షరాలు దాచే బైట్ అర్రే. అర్రేకు హెడరూ, పొడవూ కలిపి 16. తెలుగు కాబట్టి ఒక్కో సంకేతానికి 2 బైట్లు, అంటే 14. పదహారూ పద్నాలుగూ ముప్ఫై, సరిచేస్తే 32. రెండూ కలిపి 56 బైట్లు. ‘మిర్చి’కి ఆరు సంకేతాలు. సరిచేశాక దానికీ అదే 56.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది తెలుగులో పనిచేసే ప్రతి ప్రోగ్రామరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. 2017లో జావా 9తో కాంపాక్ట్ స్ట్రింగులు వచ్చాయి. స్ట్రింగులో అన్నీ లాటిన్-1 (ఇంగ్లీషు, పశ్చిమ ఐరోపా భాషల అక్షరాల సెట్) అక్షరాలే అయితే ఒక్కోదానికి ఒక్క బైటే. ఇంగ్లీషు డేటాకు సగానికి సగం పొదుపు. ఆ సెట్‌లో లేని అక్షరం ఒక్కటి పడ్డా మొత్తం స్ట్రింగు రెండు బైట్ల పద్ధతికి మారిపోతుంది. వెయ్యి అక్షరాల ఇంగ్లీషు లాగ్ లైనులో ఒకే ఒక్క తెలుగు అక్షరం ఉన్నా అది రెండు వేల బైట్లు. తెలుగే అక్కర్లేదు, మన రూపాయి గుర్తు కూడా లాటిన్-1లో లేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మొత్తం ముందూ ఆ గుర్తు అతికించి స్ట్రింగులుగా దాచేవాళ్ళను చూశాను. ధరను సంఖ్యగా ఉంచండి, గుర్తును స్క్రీన్ మీద చూపించేటప్పుడు పెట్టండి. అలాగని తెలుగును తీసేసి ఇంగ్లీషు పేర్లు వాడమని నేను చచ్చినా చెప్పను. తెలుగు పేరు తెలుగులోనే ఉండాలి. ఆ పేరును కోటిసార్లు దాచొద్దు, అంతే.

మొత్తం కూడదాం. ధర 32, తేదీ 24, యార్డు 56, పంట 56, రెండు ఇంటిజర్‌లు 32. కలిపితే 200 బైట్లు, ఎనిమిది ఆబ్జెక్టులు. కోటి వరసలకు 200 కోట్ల బైట్లు, అంటే సుమారు రెండు జీబీ. ఎనిమిది కోట్ల ఆబ్జెక్టులు. లిస్టులో రిఫరెన్సుల ఖర్చు దీని మీద అదనం.

ఇప్పుడు తగ్గిద్దాం. మొదట స్ట్రింగులు. యార్డుల పేర్లు ఎన్ని ఉంటాయి? వందల్లో. పంటల పేర్లు అంతకన్నా తక్కువ. కానీ ఫైలు చదివే కోడ్ ప్రతి వరసకూ ‘గుంటూరు’ను కొత్తగా పుట్టిస్తోంది. ఫైలు చదివేచోట ఒక చిన్న హాష్‌మ్యాప్ (పేరిస్తే దానికి జతగా దాచినది తీసిచ్చే పట్టిక) పెట్టండి. పేరు రాగానే, ఇంతకుముందు వచ్చిందా అని చూడండి. వస్తే పాత స్ట్రింగునే వాడండి, కొత్తది దానిపాటికది పోతుంది. ఐదారు లైన్ల కోడ్. వరసకు 112 బైట్లు మిగిలాయి, 200 కాస్తా 88 అయింది. జేవీఎంలోని జీ1 అనే గార్బేజ్ కలెక్టర్‌లో స్ట్రింగ్ డీడూప్లికేషన్ అనే సెట్టింగ్ ఉంది, అది కూడా కొంత సాయం చేస్తుంది. కానీ అది కింది బైట్ అర్రేనే కలుపుతుంది, పైన 24 బైట్ల స్ట్రింగు అలాగే మిగులుతుంది. మనం చేయగలిగిన పనిని జేవీఎం మీదకు నెట్టడం నాకు నచ్చదు.

తర్వాత ఇంటిజర్‌ను ఇంట్‌గా, అంటే హెడర్ లేని వట్టి 4 బైట్ల సంఖ్యగా మార్చండి. ధర లేని వరసలుంటే, నల్ (ఏ ఆబ్జెక్టూ లేదని చెప్పే విలువ) బదులు -1 లాంటి గుర్తు పెట్టుకుని, ఆ సంగతిని క్లాసు లోపలే దాచండి. రెండు ఇంట్‌లు ధర ఆబ్జెక్టులోనే కూర్చుంటాయి, దాని సైజు 32 దాటదు. 88 కాస్తా 56 అయింది. ఇక తేదీ. లోకల్‌డేట్‌లో ఒక మెథడ్ ఉంది, 1970 జనవరి 1 నుంచి ఎన్నో రోజో చెప్తుంది. ఆ సంఖ్యను ఇంట్‌గా దాచండి. 24 బైట్లు పోయాయి, 32 మిగిలాయి. వరసకు ఒకే ఒక్క ఆబ్జెక్టు. రెండు జీబీ అన్నది ముప్ఫై రెండు కోట్ల బైట్లకు వచ్చింది. ఆల్గారిథం మార్చలేదు, కొత్త సర్వర్ కొనలేదు.

డబ్బు లెక్కల్లో పైసలు కూడా కావాలంటే డబుల్ (దశాంశ సంఖ్యలను ఉజ్జాయింపుగా దాచే రకం) వాడకండి, తేడాలొస్తాయి. అలాగని కోట్ల వరసలకు బిగ్‌డెసిమల్ పెడితే ఒక్కోటీ 40 బైట్లు. మొత్తాన్ని పైసల్లోకి మార్చి లాంగ్‌లో (8 బైట్ల పూర్ణసంఖ్యలో) దాచుకోవడం తేలిక.

ఇంకా తగ్గించొచ్చా? తగ్గించొచ్చు. ఆబ్జెక్టులనే తీసేసి ఐదు అర్రేలు పెట్టుకోవచ్చు. రోజులకు ఇంట్ అర్రే, యార్డు పేరు బదులు ఒక నంబరు ఇచ్చి దానికి షార్ట్ (2 బైట్ల సంఖ్య) అర్రే, పంట నంబరుకు షార్ట్ అర్రే, ధరలకు రెండు ఇంట్ అర్రేలు. 4, 2, 2, 4, 4. వరసకు 16 బైట్లు. కోటి వరసలకు పదహారు కోట్ల బైట్లు, ఆబ్జెక్టులు ఐదే ఐదు. మొదటి 200తో పోలిస్తే పన్నెండో వంతు కన్నా తక్కువ.

వేగానికి దీనితో ఏం సంబంధం? ప్రాసెసర్ ర్యామ్ నుంచి ఒక్కో బైటుగా తెచ్చుకోదు. మన ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా 64 బైట్ల లైనుగా తెస్తుంది. సంతకు వెళ్ళినప్పుడు వారానికి సరిపడా సరుకులు ఒక్క సంచిలో తెచ్చుకున్నట్టు. గరిష్ట ధరల అర్రేలో ఒక లైనుకు పదహారు ధరలు వస్తాయి. తర్వాత ఏ లైను కావాలో ప్రాసెసర్ ముందే పసిగట్టి తెప్పించి పెడుతుంది కూడా. అదే మొదటి క్లాసులో అయితే లిస్టు నుంచి ధరకు, ధర నుంచి ఇంటిజర్‌కు ఎగురుతూ పోవాలి. ఆ ఇంటిజర్ కోసం తెచ్చిన 64 బైట్ల లైనులో మనకు పనికొచ్చేవి 4. మిగతాదంతా దండగ.

మరి అన్ని క్లాసులనూ పీకేసి అర్రేలు పెట్టేద్దామా? వద్దు. నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను. 32 బైట్ల దగ్గర చాలా ప్రోగ్రాములు ఆగిపోవచ్చు. అర్రేల దాకా వెళ్ళాల్సింది కోట్ల వరసలను పదేపదే స్కాన్ చేసే చోట మాత్రమే. అలా వెళ్ళినా ఆ అర్రేలు బయటికి కనిపించకూడదు. ‘ధరలపట్టిక’ అనే ఒక క్లాసు ఉంటుంది, దానికి ‘ఈ యార్డులో ఈ పంటకు ఈ నెల సగటు ఎంత’ అని అడిగే మెథడ్ ఉంటుంది. లోపల ఏముందో వాడేవాళ్ళకు తెలియక్కర్లేదు. ఎన్‌క్యాప్సులేషన్ అంటే డేటాను దాచడం అని రాసి రెండు మార్కులు తెచ్చుకుంటాం కదా, దాని అసలు ప్రయోజనం ఇక్కడే కనిపిస్తుంది. ఫీల్డులను ప్రైవేటుగా ఉంచినవాడు లోపలి అమరికను ఇవాళ ఒకలా, రేపు ఇంకోలా మార్చుకోగలడు. ప్రతి ఫీల్డుకూ గెటర్, సెటర్ (విలువను చదివే, మార్చే మెథడ్‌లు) పుట్టించి, ఆ గెటర్‌తో ఇంటిజర్‌నే బయటికిచ్చినవాడు దాన్ని మార్చాలంటే నాలుగు వందల ఫైళ్ళు ముట్టుకోవాలి. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అంటేనే స్లో అని కొందరంటారు, నేను ఒప్పుకోను. బాగా డిజైన్ చేసిన క్లాసునే తర్వాత వేగంగా మార్చుకోవడం కుదురుతుంది.

జీసీ గురించి ఒక అపోహ ఉంది. గార్బేజ్ కలెక్టర్ చచ్చిపోయిన ఆబ్జెక్టులను ఏరిపారేస్తుందని, కాబట్టి ఎన్ని చస్తే దానికి అంత పని అని అనుకుంటారు. నిజానికి అది బతికున్నవాటిని వెతుకుతుంది. వాటిని గుర్తుపెట్టడమో, పక్కకు తరలించడమో చేస్తుంది. మిగిలిన చోటంతా ఖాళీ కిందే లెక్క. ఎక్కువ ఆబ్జెక్టులు పుట్టిన కాసేపటికే చచ్చిపోతాయన్న గమనిక మీద 1984లో డేవిడ్ ఉంగర్ స్మాల్‌టాక్ అనే భాష కోసం, ఆబ్జెక్టులను వయసును బట్టి వేరుచేసే జనరేషన్ పద్ధతి రాశాడు. హాట్‌స్పాట్ కలెక్టర్లలో చాలావరకు నడిచేది ఆ దారిలోనే. దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. మెథడ్ లోపల పుట్టి అక్కడే పోయే చిన్న ఆబ్జెక్టును చూసి భయపడక్కర్లేదు. చాలాసార్లు జిట్ కంపైలర్ (ప్రోగ్రాం నడుస్తుండగానే దాన్ని యంత్రభాషలోకి మార్చేది) దాన్ని పుట్టించకుండానే పని కానిచ్చేస్తుంది. భయపడాల్సింది ఎప్పటికీ బతికుండే ఎనిమిది కోట్ల ఆబ్జెక్టులను చూసి. హీప్ (ఆబ్జెక్టులన్నీ ఉండే మెమరీ) మొత్తం మార్క్ చేసిన ప్రతిసారీ కలెక్టర్ వాటన్నిటి చుట్టూ తిరగాలి. ఐదు అర్రేలైతే? ఐదు అడుగులు. సంఖ్యల అర్రే లోపల రిఫరెన్సులు ఉండవు కాబట్టి లోపలికి చూడనే చూడదు.

అందుకే చిన్న ఆబ్జెక్టులకు పూల్ పెట్టి, వాడినవాటినే మళ్ళీ వాడే అలవాటు మానుకోమంటాను. పూల్‌లో ఉన్నవి చావవు, ముసలి జనరేషన్‌లోకి చేరి కలెక్టర్‌కు భారమవుతాయి. డేటాబేస్ కనెక్షన్లు, థ్రెడ్లు పుట్టించడం నిజంగా ఖరీదు, వాటికి పూల్ సబబే.

వర్చువల్ మెథడ్ కాల్స్, అంటే ఏ క్లాసు మెథడ్ నడవాలో ప్రోగ్రాం నడిచేటప్పుడే తేలే పిలుపుల గురించి కూడా చాలామందికి టెన్షన్. ఇంటర్‌ఫేస్ ద్వారా పిలిస్తే స్లో అని ఎక్కడో చదివి ఉంటారు. ఉర్స్ హోల్జ్లే, క్రెయిగ్ చాంబర్స్, ఉంగర్ ముగ్గురూ సెల్ఫ్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద పనిచేస్తూ 1991లో పాలిమార్ఫిక్ ఇన్‌లైన్ క్యాష్ ప్రతిపాదించారు, అంటే ఒక కాల్ దగ్గర ఇంతకుముందు వచ్చిన క్లాసులను గుర్తుపెట్టుకునే పద్ధతి. ఆ పరిశోధన వారసత్వం హాట్‌స్పాట్‌లో ఉంది. ఒక కాల్ దగ్గర ఒకటి రెండు రకాల క్లాసులే వస్తుంటే జిట్ ఆ మెథడ్ కోడ్‌ను పిలిచే చోటే పెట్టేస్తుంది, అంటే ఇన్‌లైన్ చేసేస్తుంది. మూడో రకం, నాలుగో రకం తరచూ వస్తుంటేనే ఖర్చు. ప్రొఫైలర్ (ప్రోగ్రాంలో సమయం ఎక్కడ పోతుందో చూపే టూల్) ఆ చోటును చూపించేదాకా దాని గురించి ఆలోచించకండి.

మరి ఏ చోటును పట్టుకోవాలి? కొలవందే తెలియదు. నడుస్తున్న జావా ప్రోగ్రాం మీద జేమ్యాప్ అనే జేడీకే (జావా డెవలపర్ల టూల్స్ కిట్) కమాండ్‌తో హిస్టోగ్రాం తీయండి. ఏ క్లాసువి ఎన్ని ఆబ్జెక్టులు, ఎన్ని బైట్లు అని పై నుంచి కిందకు వరసగా వస్తుంది. బైట్ అర్రేలు, స్ట్రింగులు పైన కూర్చున్నాయంటే ఒకే పేరు లక్షలసార్లు దాస్తున్నారేమో చూడండి. హాష్‌మ్యాప్ నోడ్ (అందులోని ఒక్కో జతను దాచే ఆబ్జెక్టు) పైనుంటే, ఒక్కో నోడ్ 32 బైట్లు అని గుర్తుపెట్టుకుని, చిన్న చిన్న మ్యాప్‌లు ఎక్కడ పుడుతున్నాయో వెతకండి. నాలుగు ఫీల్డులున్న రికార్డును క్లాసుగా రాయడానికి బద్ధకించి మ్యాప్‌లో పెట్టే అలవాటు మనవాళ్ళకు బాగా ఉంది. ఏదో ఒక స్టాటిక్ మ్యాప్ ఎంతసేపు చూసినా పెరుగుతూనే ఉంటే అది లీకు, అంటే వదలని మెమరీ. హీప్ డంప్ (హీప్ మొత్తానికి నకలు ఫైలు) తీసి ఎక్లిప్స్ మ్యాట్ అనే టూల్‌లో తెరిస్తే దాన్ని ఎవరు పట్టుకుని కూర్చున్నారో చూపిస్తుంది. ఒక్క ఆబ్జెక్టు అమరిక బైటు బైటుగా చూడాలంటే జోల్ అనే చిన్న టూల్ ఉంది. నేనిందాక చెప్పిన 12, 16, 24 లెక్కలను దానితో మీరే సరిచూసుకోండి, నా మాట నమ్మక్కర్లేదు. వేగానికైతే ఫ్లైట్ రికార్డర్ అనే ప్రొఫైలింగ్ టూల్ జేడీకేతోనే వస్తుంది. లూపు ముందు టైము, తర్వాత టైము ప్రింట్ చేసి తీర్పు చెప్పకండి. జిట్ వేడెక్కక ముందు ఒక సంఖ్య, తర్వాత ఇంకో సంఖ్య వస్తాయి. చిన్న కొలతలకు జేఎంహెచ్ అనే బెంచ్‌మార్క్ టూల్ వాడండి.

ఒక సెట్టింగ్ సంగతి. హీప్ 32 జీబీ దాటితే రిఫరెన్సులు మామూలుగా 4 నుంచి 8 బైట్లకు పెరుగుతాయి. 31 జీబీ చాలట్లేదని 34 పెడితే, అందులో పట్టే ఆబ్జెక్టులు తగ్గనూ వచ్చు. 2025లో వచ్చిన జేడీకే 25లో కాంపాక్ట్ హెడర్ ఆప్షన్‌ను అధికారికంగా ఇచ్చారు. హెడర్ 12 నుంచి 8కి దిగుతుంది. మంచి పని. అయినా ఇంటిజర్ మాత్రం 8, 4 కలిపి 12, సరిచేస్తే మళ్ళీ 16 బైట్లే!

పైథాన్‌వాళ్ళకు ఒక్క మాట. మీ దగ్గర మామూలు సంఖ్యకు 28 బైట్లు, లిస్టులో దాని పాయింటర్‌కు 8. కోట్ల సంఖ్యలుంటే నంపై అనే సంఖ్యల లైబ్రరీ అర్రేలోకి మారండి, క్లాసులకు స్లాట్స్ (ఫీల్డుల పేర్లు ముందే ప్రకటించే పద్ధతి) పెట్టండి. సీ ప్లస్ ప్లస్‌వాళ్ళు ఫీల్డుల వరస చూసుకోండి. బూల్, డబుల్, బూల్ అని రాస్తే 24 బైట్లు, డబుల్‌ను ముందుకు తెస్తే 16. హాట్‌స్పాట్ ఈ సర్దుబాటు తనే చేసుకుంటుంది, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ మీరు రాసిన వరసను మార్చదు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

ప్రశ్న: సర్, ఇదంతా డేటాబేస్‌లోనే ఉంచి, కావలసినప్పుడు క్వెరీ చేసుకోవచ్చు కదా?

చాలా సందర్భాల్లో అదే సరైన పనమ్మా. నెల సగటు ఒక్కటే కావాలంటే కోటి వరసలను జావాలోకి లాక్కురావడం ఎందుకు? ఎస్‌క్యూఎల్‌లోనే తేల్చేయొచ్చు. మెమరీలో పెట్టుకోవాల్సింది, అదే డేటాను సెకనుకు వేలసార్లు అడిగే సర్వీసులోనో, ఒకే డేటా మీద రకరకాల లెక్కలు నడిపే చోటో. విశ్లేషణ కోసం తయారైన డేటాబేసులు కూడా లోపల కాలమ్ వారీగానే దాస్తాయి, మన ఐదు అర్రేల్లాగే.

ప్రశ్న: మధ్యలో ఎక్కువగా చేర్చాల్సి వస్తే లింక్‌డ్ లిస్ట్ (ఒక్కో నోడ్ పక్క నోడ్ అడ్రసు దాచుకునే లిస్టు) మంచిదని పుస్తకాల్లో ఉంది. నిజమేనా సర్?

కాగితం మీద నిజం. చేర్చడం ఒక్కటే చూస్తే రెండు మూడు రిఫరెన్సులు మారిస్తే సరిపోతుంది. కానీ ఆ మధ్య చోటుకు చేరాలంటే మొదటి నుంచో చివరి నుంచో నోడ్ తర్వాత నోడ్ నడుచుకుంటూ పోవాలి. ఒక్కో అడుగూ మెమరీలో ఎక్కడెక్కడికో దూకడమే. అర్రే మీద నడిచే లిస్టు, అర్రేలిస్ట్‌లో ఆ చోటుకు నేరుగా వెళ్ళి, వెనకున్నవాటిని ఒక్కపెట్టున జరిపేస్తారు. అవి పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆ జరపడం చాలా వేగంగా అయిపోతుంది. పైగా లింక్‌డ్ లిస్ట్ నోడ్‌కు 24 బైట్లు, అర్రేలిస్ట్‌లో చోటుకు 4. అర్రేలిస్ట్ నిండినప్పుడల్లా ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది, ఆ క్షణంలో పాతదీ కొత్తదీ రెండూ మెమరీలో ఉంటాయి. కాబట్టి సైజు ముందే తెలిస్తే మొదట్లోనే ఇచ్చేయండి. రెండు చివర్ల నుంచి చేర్చడం, తీయడం ఎక్కువైతే అర్రేడెక్ (అర్రే మీద నడిచే రెండు చివర్ల క్యూ) వాడండి. సందేహముంటే మీ డేటాతోనే జేఎంహెచ్‌లో రెండింటినీ కొలిచి చూడండి.